అధికారి ఎవరు: న్యాయ విద్యకు ముందు రాజనీతి శాస్త్రం

ఒక శాస్త్రాన్ని చదవడానికి తగినవాడెవడు అనే ప్రశ్న భారతీయ చింతనలో చాలా పాతది. గ్రంథంలోని విషయమేమిటో, దానివల్ల ప్రయోజనమేమిటో, విషయానికీ గ్రంథానికీ గల సంబంధమేమిటో, దానిని చదవడానికి అర్హుడెవడో ఆరంభంలోనే తెలియజేయాలని పూర్వాచార్యులు ఒక మర్యాద ఏర్పరచుకున్నారు; ఈ నాలుగింటినీ కలిపి అనుబంధ చతుష్టయమనీ, నాలుగోదైన అర్హుణ్ని అధికారి అనీ వ్యవహరించారు. నేటి విశ్వవిద్యాలయాలు ఈ నాలుగో అంశాన్ని ప్రవేశ పరీక్షకూ మార్కుల జాబితాకూ అప్పగించి ఊరుకున్నాయి. న్యాయశాస్త్రం విషయంలో అది చాలదు, ఎందుకంటే ఆ శాస్త్రం చదివినవారి చేతికి ఇతరుల ఆస్తినీ స్వేచ్ఛనూ, కొన్ని సందర్భాల్లో ప్రాణాన్నీ నిలబెట్టే లేదా పోగొట్టే శక్తి వస్తుంది. అందువల్ల న్యాయ కళాశాలలో చేరబోయేవారు ముందుగా ఏమి చదివి ఉండాలి, ప్రత్యేకించి రాజనీతి శాస్త్రం అందుకు తగిన పూర్వాభ్యాసం అవుతుందా అనే ప్రశ్నను కోర్సుల ఎంపికకు సంబంధించిన సలహాగా ముగించక, తాత్త్విక ప్రశ్నగా పరిశీలించవలసి ఉంది.

భారతదేశంలో న్యాయ విద్యకు రెండు దారులున్నాయి. ఏదో ఒక డిగ్రీ పూర్తిచేసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరడం ఒకటి, ఇంటర్మీడియట్ కాగానే ఐదేళ్ల సమీకృత కోర్సులో చేరడం మరొకటి. 1987లో బెంగళూరులో ఏర్పడిన నేషనల్ లా స్కూల్ ఆఫ్ ఇండియా యూనివర్సిటీ రెండో దారికి ప్రతిష్ఠ తెచ్చింది. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం కూడా ఆ పద్ధతినే అనుసరించింది. ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో చట్టాలతో పాటు రాజనీతి శాస్త్రం, చరిత్ర, సమాజ శాస్త్రం, ఆర్థిక శాస్త్రం వంటివి బోధిస్తారు. మూడేళ్ల కోర్సులో చేరేవారు ఈ సబ్జెక్టులు చదివి ఉండాలన్న నియమమేదీ లేనందువల్ల తెలుగు రాష్ట్రాల్లో బీకాం, బీఎస్సీ, బీటెక్ చదివినవారు కూడా లాసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఆ తరగతుల్లో కూర్చుంటున్నారు. న్యాయ విద్య డిగ్రీ తర్వాతనే మొదలయ్యే అమెరికాలో సైతం అక్కడి బార్ అసోసియేషన్ ఫలానా సబ్జెక్టు చదివి రావాలని చెప్పదు. అయినా న్యాయ కళాశాలలకు దరఖాస్తు చేసేవారిలో రాజనీతి శాస్త్రం చదివినవారే ఎక్కువగా కనిపిస్తారు. నియమం కోరకపోయినా లోకం ఈ రెండు శాస్త్రాలనూ పక్కపక్కన నిలబెడుతున్నదంటే, ఆ పొరుగు సంబంధానికి ఆధారమేమిటో తేల్చుకోవాలి.

పూర్వాభ్యాసమంటే ఏమిటో తెలిస్తే తప్ప ఈ విషయం తేలదు. దాని గురించి వేదాంతంలో జరిగిన ఒక చర్చ ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. బ్రహ్మవిచారం మొదలుపెట్టడానికి ముందు ఏమి జరిగి ఉండాలన్న ప్రశ్న బ్రహ్మసూత్రాలకు భాష్యం రాసిన ఆచార్యులందరికీ తొలి సూత్రంలోనే ఎదురైంది. వేదంలోని కర్మభాగాన్ని విచారించి ఉండటం అందుకు తప్పనిసరి కాదని శంకరులు వాదించారు. నిత్యమేదో అనిత్యమేదో వేరు చేసి చూడగల వివేకం, ఇహపర భోగాలపై విరక్తి, శమదమాది సంపద, అంటే మనసునూ ఇంద్రియాలనూ అదుపులో ఉంచుకోవడం వంటి గుణాలు, మోక్షం కావాలన్న తీవ్రమైన కోరిక అనే నాలుగు సాధనాలు ఉంటే చాలునన్నారు. రామానుజులు దీనిని అంగీకరించలేదు. కర్మవిచారం ముందుగా పూర్తయి, కర్మఫలం అల్పమనీ అస్థిరమనీ దానివల్లనే తెలిసివచ్చిన తర్వాత బ్రహ్మవిచారం మొదలవుతుందనీ, కర్మను విచారించే పూర్వమీమాంస, బ్రహ్మను విచారించే ఉత్తరమీమాంస ఒకే శాస్త్రంలోని రెండు భాగాలనీ ఆయన సిద్ధాంతం. ఒకరి దృష్టిలో పూర్వాభ్యాసం మనసు సంపాదించుకోవలసిన ఒక గుణం, మరొకరి దృష్టిలో అది ముందుగా పూర్తిచేయవలసిన ఒక పాఠం. న్యాయ విద్యకు రాజనీతి శాస్త్రం పూర్వాభ్యాసమా అని అడిగేటప్పుడు కూడా, పాఠంగానా గుణంగానా అని విడదీసి అడిగితేనే సరైన సమాధానం దొరుకుతుంది.

ముందుగా పాఠం సంగతి. రాజనీతి శాస్త్రం రాజ్యమంటే ఏమిటో, అది ఎలా పుట్టిందో, దాని అధికారానికి హద్దులేమిటో, పౌరుల హక్కులకు ఆధారమేమిటో విచారించే శాస్త్రం. డిగ్రీ స్థాయిలో దానిని శ్రద్ధగా చదివినవారికి సార్వభౌమత్వం, అంటే ఒక భూభాగంలో తనకు మించిన మరో ఆజ్ఞ లేని అత్యున్నత అధికారం, అధికారాల విభజన, అంటే చట్టం చేసేవారు, అమలు చేసేవారు, తీర్పు చెప్పేవారు వేర్వేరుగా ఉండాలన్న సూత్రం, సమాఖ్య వ్యవస్థ, అంటే కేంద్ర రాష్ట్రాలు రాజ్యాంగం ప్రకారమే అధికారాన్ని పంచుకునే ఏర్పాటు వంటి భావనలు ముందే పరిచయమవుతాయి. ఇటువంటివారు రాజ్యాంగ న్యాయం, పరిపాలనా న్యాయం, అంతర్జాతీయ న్యాయం తరగతుల్లో కూర్చున్నప్పుడు కేంద్ర రాష్ట్రాల అధికారాలను పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మూడు జాబితాలు ఎందుకున్నాయో, గవర్నరు పాత్రపై వివాదం ఎందుకు పదేపదే కోర్టుకెక్కుతుందో, ఆదేశిక సూత్రాలను కోర్టులు అమలు చేయించలేకపోయినా వాటిని రాజ్యాంగంలో ఎందుకు రాశారో కొత్తగా అర్థం చేసుకోవలసిన పని ఉండదు.

ఈ లాభం నిజమైనదే అయినా, దానిని పెంచి చెప్పడం విద్యార్థులకు మేలు చేయదు. న్యాయ విద్యలో సింహభాగం ఒప్పందాలు, ఆస్తి బదిలీ, కుటుంబ న్యాయం, సాక్ష్యం, సివిల్ క్రిమినల్ ప్రక్రియలు వంటి విషయాలతో నిండి ఉంటుంది. దావా ఏ కోర్టులో వేయాలో, కాలపరిమితి ఎప్పటి నుంచి లెక్కించాలో, రిజిస్టరు కాని దస్తావేజును ఏ మేరకు సాక్ష్యంగా చూపవచ్చో రాజనీతి శాస్త్రం చెప్పదు. కంపెనీ న్యాయంలోనూ పన్నుల చట్టాల్లోనూ బీకాం చదివినవారు, పేటెంట్ల విషయంలో సైన్సు చదివినవారు రాజనీతి శాస్త్రం చదివినవారికంటే ముందుంటారు. పూర్వాభ్యాసమంటే ముందే తెలిసిన సమాచారం మాత్రమే అయితే, ఏ డిగ్రీకైనా ఏదో ఒక మూల ప్రయోజనం ఉంటుంది కాబట్టి రాజనీతి శాస్త్రానికి ప్రత్యేక స్థానం కల్పించవలసిన అవసరమే లేదు. రామానుజుల కొలతతో చూస్తే దాని హక్కు పాక్షికమైనది.

శంకరుల కొలతతో చూసినప్పుడు దాని విలువ పూర్తిగా బయటపడుతుంది. రాజనీతి శాస్త్రం మనసులో నాటవలసిన గుణం ఒక ప్రశ్న రూపంలో ఉంటుంది: ఆజ్ఞాపించేవాడికి ఆ హక్కు ఎక్కడినుంచి వచ్చింది? చట్టాన్ని చదివేవారు సాధారణంగా చట్టం ఉన్నదనే మాటతో మొదలుపెడతారు. ఫలానా సెక్షన్ ఏమి చెబుతున్నది, దానికి మినహాయింపులేమిటి, దానిని ఏ తీర్పు ఎలా వ్యాఖ్యానించింది అని ముందుకు సాగుతారు. అలా సాగడం వృత్తికి అవసరమే. కానీ ఆ సెక్షన్‌ను చేసినవారికి దానిని చేసే అధికారం ఉన్నదా, ఉంటే ఎంతవరకు, ఆ అధికారాన్ని ఇచ్చినదెవరు, ఇచ్చినవారు దానిని తిరిగి తీసుకోగలరా అనే విచారణ చట్టానికి ఒక మెట్టు కింద జరగవలసినది. ఆ మెట్టు మీద కాసేపైనా నిలబడనివారికి చట్టం ఒక ఇచ్చిన వస్తువుగా, ప్రశ్నకు అతీతమైన ఆజ్ఞగా కనిపిస్తుంది.

భారతీయ గ్రంథాలు ఈ మెట్టును విస్మరించలేదు. మహాభారత శాంతిపర్వంలో, రాజు అనేవాడు ఎలా పుట్టాడని ధర్మరాజు అడిగినప్పుడు, ఆదిలో రాజ్యం గాని రాజు గాని దండం గాని దండించేవాడు గాని లేరనీ, జనులు ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకున్నారనీ, మోహం, లోభం ప్రవేశించి ఆ స్థితి చెదిరిన తర్వాతనే దండనీతి అవసరమైందనీ భీష్ముడు వివరిస్తాడు. బ్రహ్మ లక్ష అధ్యాయాలతో చెప్పిన ఆ శాస్త్రాన్ని మనుషుల ఆయువు స్వల్పమని విశాలాక్షుడు మొదలుకొని శుక్రుడి వరకు క్రమంగా కుదించారని కూడా అక్కడే ఉంది. దండం, అంటే శిక్షించే అధికారం, ధర్మానికి తర్వాత పుట్టినదనీ, ధర్మాన్ని నిలబెట్టడమే దానికున్న సమర్థన అనీ ఈ కథనం సారాంశం. కౌటిల్యుడు ఇదే విషయాన్ని పరిపాలకుడి దృష్టితో చూశాడు: దండం మితిమీరితే ప్రజలు భయకంపితులవుతారు, మెత్తబడితే దానిని లెక్కచేయరు, బొత్తిగా లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగే మాత్స్యన్యాయం మిగులుతుంది, తగిన పాళ్లలో ప్రయోగిస్తేనే ప్రజలు ధర్మార్థకామాలను సాధించుకోగలుగుతారు.

పాశ్చాత్య న్యాయతత్త్వంలో ఈ ప్రశ్నకు మరో రూపం ఉంది. 19వ శతాబ్దపు ఆంగ్ల న్యాయతత్త్వవేత్త జాన్ ఆస్టిన్, చట్టమంటే శిక్ష వెన్నంటి ఉన్న సార్వభౌముడి ఆజ్ఞ అని నిర్వచించాడు. ఆ నిర్వచనం ప్రకారం దారిదోపిడీగాడి బెదిరింపుకూ చట్టానికీ తేడా ఏమిటన్న విమర్శ వచ్చింది, హెచ్.ఎల్.ఎ. హార్ట్ 1961లో వెలువరించిన గ్రంథంలో ఈ విమర్శను విస్తరించి, ఏది చట్టమో గుర్తించడానికి సమాజం అంగీకరించిన నియమాలు ఆజ్ఞకు వెనుక ఉంటాయని చూపాడు. ఆస్ట్రియాకు చెందిన హాన్స్ కెల్సన్, ప్రతి నియమమూ తనకంటే పై నియమం నుంచి బలం పొందుతుందనీ, ఆ వరుస చివరికి మూల నియమం అనే ఒక తార్కిక ఊహ దగ్గర ఆగుతుందనీ చెప్పాడు. ఆ మూల నియమాన్ని ప్రజలు ఎందుకు అంగీకరించాలన్న ప్రశ్నకు న్యాయశాస్త్రం తన హద్దుల్లో ఉండి జవాబు చెప్పలేదు; అక్కడ దానికి రాజనీతి తత్త్వమే తోడు రావాలి.

ఈ ప్రశ్న మనసులో ఉండటానికీ లేకపోవడానికీ ఎంత తేడా ఉంటుందో భారత న్యాయ చరిత్రలోని ఒక తీర్పు స్పష్టంగా చూపుతుంది. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించిన వెంటనే, 14, 21, 22 అధికరణల కింద హక్కుల కోసం కోర్టుకు వెళ్లే అవకాశాన్ని రాష్ట్రపతి ఉత్తర్వు నిలిపివేసింది. విచారణ లేకుండా నిర్బంధించినవారి తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్లు, అంటే నిర్బంధితుణ్ని కోర్టు ముందు హాజరుపరచి నిర్బంధానికి ఆధారం చూపమని కోరే పిటిషన్లు, పలు హైకోర్టులకు వెళ్లాయి. వాటిని విచారించవచ్చునని అనేక హైకోర్టులు అన్నాయి. జబల్పూర్ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ పేరుతో ప్రసిద్ధమైన కేసులో 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ధర్మాసనం నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పు చెబుతూ ఆ పిటిషన్లు నిలవవని తేల్చింది. మెజారిటీ న్యాయమూర్తుల తర్కం చట్ట పాఠాన్ని అంటిపెట్టుకున్నది: ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ 21వ అధికరణలో ఉన్నది, ఆ అధికరణ అమలును ఉత్తర్వు నిలిపివేసింది, కాబట్టి కోర్టు తలుపు తట్టే హక్కు ప్రస్తుతానికి లేదు.

ఆ విచారణలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను ఒక సూటి ప్రశ్న అడిగారు: ఒక పోలీసు అధికారి వ్యక్తిగత పగతో ఎవరినైనా చంపితే, అప్పుడు కూడా ఏ పరిహార మార్గమూ ఉండదా అని. ప్రభుత్వ వాదన ప్రకారం అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం ఉండదన్న సమాధానమే వచ్చింది. ఖన్నా తన అసమ్మతి తీర్పులో, చట్టం ఆధారం లేకుండా మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించే అధికారం రాజ్యానికి 21వ అధికరణ లేకపోయినా ఉండదనీ, ఆ రక్షణ రాజ్యాంగం కొత్తగా దయచేసిన కానుక కాదనీ వివరించారు. ఇరుపక్షాలూ చదివినది ఒకే రాజ్యాంగం, ఇరుపక్షాల ముందూ ఉన్నవి అవే అధికరణలు. మెజారిటీ పక్షం, హక్కు ఎక్కడ రాసి ఉందని అడిగింది, ఖన్నా రాజ్యానికి ఆ అధికారం ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. రెండో ప్రశ్న రాజనీతి తత్త్వం నేర్పేది. 1977లో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ను దాటి ఆయనకంటే జూనియరుకు వెళ్లినప్పుడు ఆయన రాజీనామా చేశారు. 1978 నాటి 44వ సవరణ, అత్యవసర పరిస్థితిలోనైనా 20, 21 అధికరణల అమలును నిలిపివేయరాదని నిర్దేశించింది. 2017లో గోప్యత హక్కుకు సంబంధించిన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వెలువరించిన తీర్పుతో 1976 నాటి మెజారిటీ తీర్పు రద్దయింది.

రాజనీతి భావన ఒకటి న్యాయసూత్రంగా మారిన తీరుకు మౌలిక స్వరూప సిద్ధాంతం మరో ఉదాహరణ. రాజ్యాంగాన్ని సవరించే అధికారంతో పార్లమెంటు రాజ్యాంగాన్నే తుడిచిపెట్టగలదా అనే ప్రశ్న 1967లో గోలక్‌నాథ్ కేసులో, రాజమహేంద్రవరంలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలోని పదకొండుగురి ధర్మాసనం ముందుకు వచ్చింది. ప్రాథమిక హక్కులను హరించే సవరణలు చెల్లవని ఆరుగురు, చెల్లుతాయని ఐదుగురు అన్నారు. అంతకు ముందే, 1965లో, జర్మన్ పండితుడు డీట్రిచ్ కొన్రాడ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో, సవరణాధికారానికి రాజ్యాంగంలో రాయని హద్దులుండాలని వాదించాడు. ఆయన మాటల వెనుక ఆయన దేశపు అనుభవం ఉంది: 1919 నాటి వైమార్ రాజ్యాంగం కింద, 1933లో జర్మన్ పార్లమెంటు మూడింట రెండువంతుల మెజారిటీతో శాసనాధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి ధారాదత్తం చేసింది, ఆ పాఠం నేర్చుకొని 1949 నాటి జర్మన్ రాజ్యాంగం కొన్ని మూలసూత్రాలను ఏ సవరణా తాకరాదని ముందే రాసిపెట్టుకుంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడుగురి ధర్మాసనం ఏడుగురు, ఆరుగురిగా చీలి, రాజ్యాంగంలోని ఏ భాగాన్నైనా సవరించవచ్చు గాని దాని మౌలిక స్వరూపాన్ని మార్చరాదని తేల్చినప్పుడు, మెజారిటీకి నిర్ణాయకమైన తీర్పు రాసిన ఖన్నా కొన్రాడ్ ఆలోచనను ప్రస్తావించారు. ప్రజలకు ఉండే రాజ్యాంగ నిర్మాణ శక్తి వేరు, రాజ్యాంగం నిర్మించిన సంస్థలకు ఉండే అధికారం వేరు అన్న రాజనీతి విభజన తెలిసినవారికే ఈ తీర్పు లోతు అందుతుంది. తెలియనివారికి అది పరీక్షలో రాయవలసిన ఒక కేసు పేరుగా మిగులుతుంది.

రాజ్యాంగాన్ని రూపొందించినవారి చదువు కూడా ఇదే విషయాన్ని బలపరుస్తుంది. డాక్టర్ అంబేద్కర్ న్యాయవాద పట్టా పుచ్చుకోవడానికి ముందే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ లండన్‌లోనూ ఆర్థిక, రాజకీయ శాస్త్రాల్లో లోతైన అధ్యయనం చేశారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ ఆయన, గ్రీకు దేశ చరిత్ర రాసిన గ్రోట్ నుంచి గ్రహించిన రాజ్యాంగ నైతికత అనే భావనను వివరించారు. పాలకులూ పాలితులూ రాజ్యాంగ రూపాలను గౌరవించడం, వాటి కింద పనిచేసే అధికారులకు లోబడుతూనే వారిని నిస్సంకోచంగా విమర్శించడం అనే అలవాటుకు ఆ పేరు. అది మనిషికి పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, అలవరచుకోవలసినదనీ, రాజ్యాంగ రూపాన్ని ముట్టుకోకుండానే పరిపాలనా పద్ధతిని మార్చి దాని స్ఫూర్తిని చెరచడం సాధ్యమేననీ, అందుకే పరిపాలనా వివరాలను కూడా రాజ్యాంగంలో చేర్చవలసి వచ్చిందనీ ఆయన చెప్పారు. ఒక న్యాయపత్రం ఇంత సుదీర్ఘంగా ఎందుకు ఉందన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం చట్టం రాసే నైపుణ్యానికి చెందినది కాదు. సమాజంలో అధికారం ఎలా నడుస్తుందో చూసినవారి సమాధానమది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, రాజనీతి శాస్త్రం చదివితే చాలు న్యాయ దృష్టి తనంతట తానే వస్తుందని అనుకోవడం పొరపాటు. ఆ శాస్త్రంలో ఒక ప్రమాదమూ దాగి ఉంది. అధికారం ఎలా చేతులు మారుతుందో, ఎన్నికలెలా గెలుస్తారో, పార్టీలు సంస్థలను ఎలా వాడుకుంటాయో చదివి చదివి, చట్టమంతా బలవంతుడి ఇష్టానికి వేసిన ముసుగేనన్న నిశ్చయానికి వచ్చే విద్యార్థులుంటారు. వారికి ప్రతి తీర్పూ న్యాయమూర్తి రాజకీయంగా, ప్రతి వాదనా పక్షపాతంగా కనిపిస్తుంది. కక్షిదారు ఇచ్చిన కాగితాలను ఓపికగా చదివి, వాస్తవాలను వివాదాంశం నుంచి వేరుచేసి, పూర్వ తీర్పులో నిర్ణయానికి మూలమైన కారణాన్ని పక్కమాటల నుంచి విడదీసే సాధన మీద వారికి నమ్మకం కుదరదు. చట్టాన్ని ప్రశ్నకు అతీతమైన ఆజ్ఞగా చూడటం ఎంత లోపమో, దానిని ఉత్త బలంగా చూడటం కూడా అంతే లోపం. మొదటి లోపమున్నవారు అన్యాయమైన ఆజ్ఞకు సులువుగా లోబడతారు, రెండో లోపమున్నవారు అన్యాయాన్ని అన్యాయమని చెప్పే ఆధారాన్నే పోగొట్టుకుంటారు.

ప్రాచీన శాస్త్రకారులు ఈ ప్రమాదాన్ని గుర్తించి రెండు కట్టడులు చేశారు. ధర్మశాస్త్రానికీ, రాజనీతిని చెప్పే అర్థశాస్త్రానికీ విరోధం వచ్చినప్పుడు ధర్మశాస్త్రమే బలమైనదని యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహార కాండలో నిర్ణయించింది. రాజ్యలాభం ఏది కోరినా న్యాయసభలో దానికి రెండో స్థానమేనని దాని అర్థం. రెండో కట్టడి కౌటిల్యుడిది. చదవవలసిన విద్యలెన్ని అన్న విషయంలో ఆయన పూర్వుల అభిప్రాయాలను వరసగా చెబుతాడు: శుక్రుడి అనుయాయులు దండనీతి ఒక్కటే విద్య అన్నారు, బృహస్పతి అనుయాయులు వార్తను, అంటే వ్యవసాయ, పశుపాలన, వాణిజ్య విద్యను దానికి జోడించారు, మనువు అనుయాయులు వేదవిద్య అయిన త్రయిని కూడా చేర్చి మూడన్నారు. కౌటిల్యుడు నాలుగో విద్యగా ఆన్వీక్షికిని, అంటే హేతువులతో పరీక్షించి చూసే తత్త్వవిద్యను చేర్చి, జాబితాలో దానినే మొదట నిలిపాడు. మిగతా విద్యల బలాబలాలను తూచేదీ, కష్టంలోనూ సుఖంలోనూ బుద్ధిని నిలకడగా ఉంచేదీ అదేనని ఆయన అభిప్రాయం. రాజనీతికి పరమ ప్రామాణికుడని పేరుపొందిన ఆచార్యుడే రాజనీతి ఒక్కటే చాలదని చెప్పడం, నేటి విద్యార్థి గట్టిగా పట్టుకోవలసిన మాట.

తెలుగువారి సాహిత్యంలో ఈ రెండు శాస్త్రాల సహవాసం ఏడు శతాబ్దాలకు మించినది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దాయభాగం (వారసత్వ ఆస్తి పంపకం), ఋణాదానం (అప్పుల వ్యవహారం), సాక్షులు వంటి వ్యవహార విషయాలు ఆనాడే తెలుగులో చదువుకునే వీలు దానివల్ల కలిగింది. ఆ కేతన తన దశకుమార చరిత్రను తిక్కనకు అంకితమిచ్చాడు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న ఆ తిక్కనే శాంతిపర్వంలోని రాజధర్మాలను తెలుగు చేశాడు. వ్యవహార ధర్మాన్ని చెప్పిన కవీ, రాజధర్మాన్ని చెప్పిన మంత్రీ ఒకే సాహితీ గోష్ఠికి చెందినవారు కావడం, న్యాయమూ రాజనీతీ దూరపు చుట్టాలు కావని ఆ కాలం ఎరిగి ఉండటానికి మంచి నిదర్శనం. ఆ గ్రంథాల్లోని వర్ణభేదాలనూ స్త్రీల పట్ల చూపిన వివక్షనూ సమానత్వం మీద నిలబడిన నేటి రాజ్యాంగం తోసిపుచ్చింది, తోసిపుచ్చడం న్యాయమే. అధికారానికి ఆధారం చూపించమని కోరే పద్ధతిని మాత్రం వాటినుంచి స్వీకరించవచ్చు.

ఈ విచారం నుంచి ఆచరణకు ఉపయోగపడే కొన్ని సూచనలు సహజంగానే వస్తాయి. న్యాయ విద్య లక్ష్యంగా పెట్టుకొని రాజనీతి శాస్త్రం చదివేవారు నిర్వచనాలు కంఠస్థం చేయడం కంటే, ఒక వివాదాన్ని మొదటి నుంచి చివరి వరకు వెంబడించడం మేలు: ఒక అధికరణపై రాజ్యాంగ సభలో జరిగిన చర్చను, దాని మీద వచ్చిన తొలి తీర్పును, తర్వాతి సవరణను, ఆ సవరణపై వచ్చిన మరో తీర్పును వరుసగా చదివితే, రాజకీయ వాదన ఎక్కడ ముగిసి న్యాయ వాదన ఎక్కడ మొదలవుతుందో కళ్లకు కడుతుంది. మెజారిటీ తీర్పుతో పాటు అసమ్మతి తీర్పునూ చదివి, తాము ఒప్పుకోని పక్షాన్ని దానికి ఉన్నంత బలంతో రాసి చూపడం పూర్వపక్ష సిద్ధాంతాల పద్ధతిలో పెరిగిన తెలుగు విద్యార్థికి పరాయి సాధన కాదు. దానితో పాటు తర్కశాస్త్రంలో కొంత పరిచయం, తమ మండలంలోని గ్రామ పంచాయతీకి 73వ సవరణ ఏ అధికారాలు ఉద్దేశించిందో, వాటిలో ఏవి నిజంగా చేతికందాయో చూసిన అనుభవం కూడా ఉంటే, పుస్తకంలోని రాజ్యం మనుషుల మధ్యకు దిగివస్తుంది.

తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివినవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన కష్టం ఎదురవుతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాల వల్ల రాజనీతి శాస్త్రపు భావనలన్నీ వారికి తెలుగులోనే అందుతాయి. న్యాయ కళాశాలలోకి రాగానే తీర్పులు ఆంగ్లంలో ఎదురవుతాయి, 348వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం కూడా ప్రధానంగా ఆంగ్లంలోనే సాగుతుంది. ఆంగ్లం ధారాళంగా వచ్చినవారి పక్కన కూర్చొని, తమకు న్యాయశాస్త్రమే రాదని వారు నిరుత్సాహపడుతుంటారు. నిజానికి సార్వభౌమత్వమంటే ఏమిటో తెలుగులో ఆలోచించి తేల్చుకున్నవారికి మిగిలింది భాషాభ్యాసం మాత్రమే, దానిని పట్టుదలతో కొన్నేళ్లలో సాధించవచ్చు. భావన తెలియకుండా పదం మాత్రమే తెలిసినవారికి మిగిలిన పని అంతకంటే కష్టమైనది. అధికారి అనిపించుకోవడానికి కావలసిన గుణాన్ని ఏ భాషలో సంపాదించుకున్నా అది చెల్లుతుంది.

కాబట్టి రాజనీతి శాస్త్రం న్యాయ విద్యకు తప్పనిసరి పాఠం కాదు. ఇతర శాస్త్రాల నుంచి వచ్చినవారు కూడా ఉత్తమ న్యాయవాదులు కాగలరు, అవుతున్నారు. అయితే అది నేర్పే ప్రశ్న మాత్రం న్యాయ విద్యార్థి ఎవరికైనా తప్పనిసరి, ఆ ప్రశ్నను క్రమపద్ధతిలో, చరిత్ర సాక్ష్యంతో, వాదప్రతివాదాల సహితంగా నేర్పడానికి రాజనీతి శాస్త్రం వలె ప్రత్యేకించి ఏర్పడిన శాస్త్రం మరొకటి లేదు. డిగ్రీలో దానిని చదివే అవకాశం ఉన్నవారు ఉద్యోగానికో ప్రవేశ పరీక్షకో పనికివస్తుందన్న లెక్కతో మాత్రమే కాక, రేపు తమ చేతికి రాబోయే శక్తికి ముందుగా తమను తాము తగినవారిగా చేసుకోవడానికి చదవాలి. అవకాశం లేనివారు న్యాయ కళాశాలలో చేరిన తర్వాతనైనా ఆ లోటు పూడ్చుకోవాలి. నిర్బంధంలో ఉన్న మనిషి తరఫున కోర్టులో నిలబడి, అతన్ని పట్టి ఉంచే అధికారం మీకెక్కడిదో చూపండి అని రాజ్యాన్ని అడగవలసిన బాధ్యత ఏదో ఒక రోజు ప్రతి న్యాయవాదికీ రావచ్చు. ఆ మాట అడగడానికి చట్టజ్ఞానం కావాలి, అడగాలని తోచడానికి అంతకు ముందటి చదువు కావాలి.